వ్యాపార పద్ధతికి పేటెంట్ వస్తుందా? ఐడియా నుంచి అప్లికేషన్ దాకా

"మా బిజినెస్ ఐడియాకి పేటెంట్ తీసుకోవచ్చా?" అని అడిగేవాళ్ళకి నేను మొదట చెప్పే జవాబు: ఐడియాకి రాదు. ధర ఎలా పెట్టాలి, డబ్బు ఎవరి దగ్గర ఎప్పుడు వసూలు చేయాలి, కస్టమర్ని ఎలా నిలుపుకోవాలి అనేవి వ్యాపార నియమాలు. వాటిని వాటిగానే తీసుకెళ్తే ఏ పెద్ద పేటెంట్ ఆఫీసులోనూ గట్టెక్కడం కష్టం. కానీ ఆ నియమాల్ని అమలు చేయడానికి కూర్చున్నప్పుడు ఎక్కడో ఒకచోట యంత్రం మొండికేస్తుంది. నెట్‌వర్క్ ఆలస్యం చేస్తుంది, సర్వర్ చేతులెత్తేస్తుంది, రెండు డేటాబేసులు రెండు రకాల లెక్క చెబుతాయి. ఆ చిక్కుముడి విప్పిన తీరు కొత్తదైతే దానికి పేటెంట్ వచ్చే అవకాశం ఉంది. మీ చేతిలో ఉన్నదాంట్లో ఏది నియమం, ఏది చిక్కుముడి విప్పిన తీరు అని విడదీయడమే ఇక్కడ అసలు పని.

దేశం మారితే జవాబు ఎంత మారుతుందో చూడటానికి అమెజాన్ వారి 1-క్లిక్ కథ చాలు. కస్టమర్ వివరాలు ముందే దాచిపెట్టుకుని, ఒక్క నొక్కుతో ఆర్డర్ పూర్తిచేసే పద్ధతి అది. 1997 సెప్టెంబరులో అప్లికేషన్ వేస్తే 1999 సెప్టెంబరులో అమెరికాలో పేటెంట్ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే పోటీ పుస్తకాల సైటు మీద కోర్టు నుంచి తాత్కాలిక నిషేధం కూడా తెచ్చుకున్నారు. పేటెంట్ చెల్లుతుందా అన్నదానికే గట్టి సందేహాలున్నాయంటూ 2001లో పై కోర్టు ఆ నిషేధాన్ని ఎత్తేసింది. కెనడాలో పేటెంట్ ఆఫీసు కాదంది, వ్యవహారం కోర్టులకెక్కి చివరికి 2012లో పేటెంట్ ఇచ్చారు. యూరప్‌లో 2011లో అప్పీల్ బోర్డు ఇందులో చెప్పుకోదగ్గ సాంకేతిక ముందడుగు లేదని తోసేసింది. ఆవిష్కరణ ఒక్కటే, గతులు మూడు.

అడుగు 1: లాంచ్ ఆపండి, తేదీలు రాసుకోండి

చట్టం సంగతి తర్వాత, ముందు క్యాలెండర్ చూడండి. పేటెంట్ రావాలంటే అప్లికేషన్ వేసిన రోజుకి ఆ విషయం లోకానికి కొత్తదై ఉండాలి. మీరే యాప్ విడుదల చేసినా, పెట్టుబడిదారుల సభలో స్లైడ్లు చూపించినా, బ్లాగులో రాసినా మీ ఆవిష్కరణని మీరే పాతది చేసుకున్నట్టు. అమెరికా, జపాన్ ఏడాది వెసులుబాటు ఇస్తాయి. యూరప్‌లో ఆ దయ దాదాపు లేదు; నమ్మకద్రోహం చేసి ఎవరైనా బయటపెడితేనో, కొన్ని అధికారిక ప్రదర్శనల్లో చూపిస్తేనో ఆరు నెలల మినహాయింపు ఉంటుంది, అంతే. భారత చట్టంలోనూ మినహాయింపులు ఇరుకైనవే.

కాబట్టి ఎవరికి ఏం చెప్పాలన్నా ముందు ఎన్‌డీఏ (విషయం బయటపెట్టబోమన్న ఒప్పందం) మీద సంతకం తీసుకోండి. ఇప్పటికే ఎవరికైనా చెప్పేసి ఉంటే ఎవరికి, ఏ రోజు, ఎంత వివరంగా చెప్పారో ఒక కాగితం మీద రాసుకోండి. "మేం పైపైనే చెప్పాం" అని అందరూ అంటారు. స్లైడ్లు తెరిచి చూస్తే ఏడో స్లైడులో ఫ్లోచార్ట్ మొత్తం ఉంటుంది.

అడుగు 2: ఏ దేశంలో కావాలో తేల్చుకోండి

ప్రపంచమంతటికీ కలిపి ఒకే పేటెంట్ అనేది లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాల మధ్య మేధాసంపత్తి మీద ఉన్న ట్రిప్స్ ఒప్పందం 27వ ఆర్టికల్ సాంకేతిక రంగాలన్నిటిలోని ఆవిష్కరణలకీ పేటెంట్ దొరకాలంటుంది. వ్యాపార పద్ధతి సాంకేతిక రంగం కిందికి వస్తుందా రాదా అనేది మాత్రం ఎవరి లెక్క వాళ్ళది. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే మీ క్లెయిమ్ (ఏది మీ సొంతమని అడుగుతున్నారో చెప్పే వాక్యం) ఎలా రాయాలన్నది దీన్నిబట్టే ఉంటుంది.

అమెరికాలో ఊగిసలాట ఎక్కువ. 1908లో హోటల్ సెక్యూరిటీ అనే కేసు వచ్చింది. వెయిటర్లు డబ్బు కాజేయకుండా ప్రత్యేకమైన చిట్టీలు, లెక్కల పట్టికలతో తనిఖీ చేసే పద్ధతికి తీసుకున్న పేటెంట్ అది. కోర్టు చెల్లదంది. వ్యాపార పద్ధతులకి పేటెంట్ ఉండదన్న మాట ఆ కేసు పేరు మీదే దశాబ్దాల పాటు నడిచింది. 1998లో స్టేట్ స్ట్రీట్ బ్యాంక్ తీర్పు దాన్ని తిరగేసింది. మ్యూచువల్ ఫండ్ల పెట్టుబడిని ఒకచోట కలిపి రోజువారీ విలువలు లెక్కగట్టే కంప్యూటర్ వ్యవస్థ గురించిన కేసది. ఉపయోగపడే, స్పష్టమైన, చేతికందే ఫలితం ఉంటే చాలు, అది వ్యాపార పద్ధతి కావడం అడ్డు కాదని పేటెంట్ అప్పీళ్ళు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు అంది. ఇక గేట్లు ఎత్తేసినట్టయింది. డాట్‌కామ్ రోజుల్లో ఇంటర్నెట్‌లో ఏం చేసినా ఒక పేటెంట్ వేసేవాళ్ళు.

ఆ వరదకి రెండు ఆనకట్టలు పడ్డాయి. మొదటిది 2010 నాటి బిల్‌స్కీ తీర్పు. సరుకుల ధరలు పెరిగినా తగ్గినా నష్టపోకుండా మధ్యవర్తి కాచుకునే పద్ధతి అది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ అది ఉత్త భావన అని కొట్టేశారు. కానీ వ్యాపార పద్ధతులన్నిటినీ గంపగుత్తగా నిషేధించాలా అన్న దగ్గర నలుగురు ఔనన్నారు, ఐదుగురు కాదన్నారు. ఒక్క ఓటు తేడాతో తలుపు పూర్తిగా మూసుకోలేదు. రెండోది 2014 జూన్‌లో వచ్చిన ఆలిస్ తీర్పు. ఇద్దరి మధ్య లావాదేవీలో ఒకరు మోసపోకుండా మూడో మనిషి ఖాతాలు చూసి సెటిల్ చేయడం పాత పద్ధతే, దాన్ని కంప్యూటర్లో పెట్టినంత మాత్రాన కొత్తది అయిపోదని అంతా ఏకగ్రీవంగా తేల్చారు. అప్పటినుంచీ అక్కడ రెండు ప్రశ్నల పరీక్ష నడుస్తోంది: క్లెయిమ్ ఉత్త భావన చుట్టూ తిరుగుతోందా? తిరుగుతుంటే, దాన్ని మించి అసలైన ఆవిష్కరణ అనదగ్గది ఏదైనా ఉందా?

యూరప్ దారి వేరు. యూరోపియన్ పేటెంట్ ఒప్పందం 52వ ఆర్టికల్ వ్యాపార పద్ధతుల్ని పేరుపెట్టి మరీ మినహాయించింది, కానీ "వాటిని వాటిగా" అడిగినప్పుడు మాత్రమే అని ఒక తోక తగిలించింది. ఆచరణలో ఏమవుతుందంటే, క్లెయిమ్‌లో ఒక కంప్యూటర్ ఉంటే మొదటి గేటు దాటేస్తారు. అసలు దెబ్బ రెండో గేటు దగ్గర పడుతుంది. 2002లో కామ్‌విక్ కేసులో అప్పీల్ బోర్డు ఒక సూత్రం పెట్టింది: సాంకేతిక సమస్యని పరిష్కరించడంలో పాలుపంచుకునే అంశాలకే మార్కులు, మిగతావాటికి సున్నా. ఒకే సిమ్‌లో రెండు గుర్తింపులు పెట్టి ఆఫీసు కాల్స్ ఖర్చు, సొంత కాల్స్ ఖర్చు విడదీసే పద్ధతి అది. ఖర్చు విడదీయాలనేది వ్యాపార కోరిక కాబట్టి దానికి మార్కులు పడలేదు.

భారతదేశంలో పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ఉంది. గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కంప్యూటర్ ప్రోగ్రామ్ "పర్ సే" (అంటే దాన్ని దానిగా), అల్గారిథమ్‌లు ఆవిష్కరణలు కావంటుందది. ఇది 2002 సవరణతో వచ్చి 2003 మే నుంచి అమల్లో ఉంది. ఆ "పర్ సే" అన్న చిన్న మాట ఎక్కడ కూర్చుందో గమనించండి. కంప్యూటర్ ప్రోగ్రామ్ పక్కన ఉంది, వ్యాపార పద్ధతి పక్కన లేదు. ప్రోగ్రామ్ అయితే సాంకేతిక ప్రభావం చూపించి గట్టెక్కే వీలుంది. 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆ దారి స్పష్టం చేసింది. వ్యాపార పద్ధతికి ఆ కిటికీ కూడా లేదు. సెర్చ్ ఫలితాల్లో చోటు కోసం ప్రకటనదారులు పాటపాడే విధానం మీద యాహూ వేసిన అప్లికేషన్ 2011లో అప్పీలేట్ బోర్డు ముందు ఇలాగే వీగిపోయింది. 2023 మేలో ఓపెన్‌టీవీ కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ నిషేధం సంపూర్ణమేనని చెప్పింది, అదే నోటితో ఈ మినహాయింపుల్ని పునరాలోచించాలని కూడా సూచించింది.

జపాన్ సంగతి చెప్పకుండా ముందుకెళ్ళబుద్ధి కావడంలేదు. నిలబడి తినే స్టేక్ రెస్టారెంట్ ఒకటి తన సర్వింగ్ పద్ధతికి పేటెంట్ తీసుకుంది. కస్టమర్ టేబుల్ నంబరు రాసిన కార్డు, మాంసం తూచి బరువూ టేబుల్ నంబరూ ముద్రించే కాటా, ఒకరి ముక్క ఇంకొకరికి వెళ్ళకుండా గుర్తు. ఇది ఆవిష్కరణే కాదని పేటెంట్ ఆఫీసు రద్దు చేస్తే, 2018 అక్టోబరులో మేధాసంపత్తి హైకోర్టు ఆ నిర్ణయాన్ని తిప్పికొట్టింది. కార్డు, కాటా, గుర్తు కలిసి తారుమారు కాకుండా ఆపే సాంకేతిక సాధనాలని తేల్చింది. చైనా కూడా 2017లో మార్గదర్శకాలు మార్చి, సాంకేతిక అంశాలున్న వ్యాపార నమూనాల్ని ఆ ఒక్క కారణంతో కొట్టేయకూడదంది.

ఈ లెక్కన మీ మార్కెట్ ఎక్కడ, మీ పోటీదారు సర్వర్లు ఎక్కడ, మీ ఆవిష్కరణ ఎలాంటిది అన్నవి కలిపి చూసుకుని రెండు మూడు దేశాలు రాసుకోండి. నా పద్ధతి అయితే, వాటిలో అన్నిటికన్నా కఠినమైన దేశాన్ని మనసులో పెట్టుకుని రాయడం. కఠినమైన చోటికి రాసిన స్పెసిఫికేషన్ (ఆవిష్కరణని పూర్తిగా వివరించే పత్రం) మెతక చోట కూడా పనికొస్తుంది. మెతక చోటికి రాసింది కఠినమైన చోట పనికిరాదు.

అడుగు 3: కాగితాన్ని రెండు భాగాలు చేయండి

గైడ్ మొత్తంలో ఒక్క అడుగే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు "యజమాని చెప్పింది" అనీ, కుడివైపు "ఇంజనీరు తల బద్దలు కొట్టుకున్నది" అనీ రాయండి. కంప్యూటర్ అంటే ఏమీ తెలియని వ్యాపారి ఇంజనీరుకి చెప్పగలిగేదంతా ఎడమవైపు వెళ్తుంది. ఆ వ్యాపారికి తట్టే అవకాశమే లేనిది, ఇంజనీరు సొంతంగా కనిపెట్టాల్సి వచ్చింది కుడివైపు వెళ్తుంది. యూరప్ బోర్డులు కూడా ఇంచుమించు ఇలాంటి ఊహా వ్యాపారిని పక్కన పెట్టుకునే లెక్క చూస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖాళీ పార్కింగ్ స్లాట్లని యాప్‌లో వేలం వేయాలి. ధర ఎక్కువలో మొదలై క్షణక్షణానికీ తగ్గుతూ వస్తుంది, ఎవరు ముందు నొక్కితే వాళ్ళకే స్లాట్. ధర పైనుంచి కిందికి దిగడం, ముందు నొక్కినవాళ్ళకి ఇవ్వడం, నొక్కాక రానివాళ్ళ దగ్గర జరిమానా తీసుకోవడం, ఇవన్నీ ఎడమవైపు. ఎంత తెలివైనవైనా ఎడమవైపే.

యాప్ కట్టాక ఒక గొడవ మొదలవుతుంది. సిగ్నల్ సరిగా లేనివాళ్ళు ముందే నొక్కినా ఆ సందేశం సర్వర్‌కి ఆలస్యంగా చేరుతుంది, స్లాట్ పక్కవాళ్ళకి పోతుంది. దీనికి రెండు మందులున్నాయి.

మొదటి మందు: లైవ్‌లో నొక్కడం తీసేసి, ఎంత ధర దాకా ఒప్పుకుంటారో అందరి దగ్గరా ముందే రాయించుకోవడం. సర్వర్ తర్వాత తీరిగ్గా లెక్క చూసుకుంటుంది. ఆలస్యం సమస్యే ఉండదు. చాలామంది దీన్ని కుడివైపు రాస్తారు, నెట్‌వర్క్ సమస్య తీరింది కదా అని. సరిగ్గా ఇలాంటి విషయమే 2004లో హిటాచీ కేసుగా యూరప్ బోర్డు ముందుకొచ్చింది. అక్కడా తగ్గే ధర వేలమే, అక్కడా నెట్‌వర్క్ ఆలస్యమే, అక్కడా ధరలు ముందే తీసుకోవడమే. మీరు ఆలస్యాన్ని పరిష్కరించలేదు, వేలం నియమాలు మార్చి దాన్ని పక్కనుంచి తప్పించుకున్నారు, అంది బోర్డు. నియమం మార్చడం వ్యాపారి పని. పేటెంట్ రాలేదు.

రెండో మందు: నియమం అలాగే ఉంచి, ఒక్కో ఫోన్ గడియారానికీ సర్వర్ గడియారానికీ ఉన్న తేడా ఎప్పటికప్పుడు కొలవడం, వేలు తగిలిన క్షణాన్ని ఫోన్‌లోని సురక్షిత చిప్ దగ్గరే నమోదు చేయించడం, మొదటి సందేశం రాగానే స్లాట్ ఇచ్చేయకుండా ఆ నిమిషంలో నెట్‌వర్క్ ఎంత నెమ్మదిగా ఉందో చూసి అంత వ్యవధి ఆగడం. ఇది కుడివైపు. వ్యాపారి కలలో కూడా చెప్పేది కాదు.

కుడివైపు ఖాళీగా మిగిలితే ఇక్కడే ఆగి అడుగు 7కి వెళ్ళండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. బోలెడంత లాయర్ ఫీజు మిగిలింది.

అడుగు 4: కుడివైపు రాసింది నిజంగా కొత్తదేనా?

పాత సమాచారం వెతకడానికి గూగుల్ పేటెంట్స్, యూరప్ వాళ్ళ ఎస్పాస్‌నెట్, ప్రపంచ మేధాసంపత్తి సంస్థ వైపో వాళ్ళ పేటెంట్‌స్కోప్ ఉచితంగా దొరుకుతాయి. మాటలతో మాత్రమే వెతికితే సగమే దొరుకుతుంది, ఎందుకంటే మీరు "పార్కింగ్ స్లాట్" అన్నదాన్ని పేటెంట్ రాసినవాళ్ళు "స్థల వనరు" అని ఉంటారు. వర్గీకరణ కోడ్ వాడండి. వ్యాపార, పరిపాలన, ఆర్థిక అవసరాలకి వాడే డేటా ప్రాసెసింగ్ అంతా జి06క్యూ కింద ఉంటుంది: అందులో 20 చెల్లింపులకి, 30 కొనుగోలు అమ్మకాలకి, 40 ఫైనాన్స్‌కి.

కానీ అక్కడితో ఆగొద్దు. మన కుడివైపు విషయం వ్యాపారం కాదు కదా, గడియారాల సమన్వయం. ఆ సాహిత్యం నెట్‌వర్కింగ్ కోడ్‌లలో, ఆన్‌లైన్ గేముల పేటెంట్లలో, ఇంజనీరింగ్ పత్రాల్లో ఉంటుంది. వెతికితే ఏం తేలుతుంది? నెట్‌వర్క్ ద్వారా గడియారాలు సరిచేసే ఎన్‌టీపీ ప్రోటోకాల్ 1985 నుంచే ఉంది. అంటే గడియారాల తేడా కొలవడం కొత్తేం కాదు. మిగిలేది నెట్‌వర్క్ నెమ్మదిని బట్టి ఆగే వ్యవధి మారడం, చిప్ దగ్గర క్షణాన్ని ముద్రించడం, ఈ రెండిటినీ జోడించిన తీరు. మీ పేటెంట్ బతికితే దాని మీదే బతకాలి. ఈ నిజం అప్లికేషన్ పరిశీలించే ఎగ్జామినర్ నోటి నుంచి రెండేళ్ళ తర్వాత వినడం కన్నా ఇప్పుడే మీకు మీరుగా తెలుసుకోవడం మంచిది.

వెతుకుతున్నప్పుడే ఇంకోటి చూసుకోండి. దొరికిన పేటెంట్లలో ఇంకా అమల్లో ఉన్నవి మీ వ్యాపారానికి అడ్డమొస్తాయా? మీకు పేటెంట్ వచ్చినంత మాత్రాన వేరేవాళ్ళ పేటెంట్ మీద నడిచే హక్కు రాదు.

అడుగు 5: స్పెసిఫికేషన్, క్లెయిమ్

మొదటిసారి రాసేవాళ్ళ క్లెయిమ్ సాధారణంగా ఇలా ఉంటుంది: "పార్కింగ్ స్లాట్ ధరని కాలంతోపాటు తగ్గిస్తూ, ముందుగా అంగీకరించిన వినియోగదారుడికి కంప్యూటర్ ద్వారా కేటాయించే పద్ధతి." ఇందులో కంప్యూటర్ ఉన్నా లేనట్టే. "కంప్యూటర్ ద్వారా" తీసేసి "గుమస్తా ద్వారా" అని చదవండి, వాక్యం చక్కగా నిలబడుతుంది. అలా నిలబడిందంటే క్లెయిమ్ పడిపోయినట్టే లెక్క. నేను రాసే ప్రతి క్లెయిమ్ మీదా ఈ గుమస్తా పరీక్ష పెడతాను.

అదే విషయం కుడివైపు నుంచి మొదలుపెడితే ఇలా వస్తుంది: "పలు ఫోన్లు, ఒక సర్వర్ గల వ్యవస్థలో, ప్రతి ఫోన్‌తో విడతలవారీగా సంకేతాలు ఇచ్చిపుచ్చుకుని దాని గడియారం తేడానీ, సందేశానికి పట్టే సమయాన్నీ లెక్కించడం, తెర తాకిన క్షణాన్ని ఆ ఫోన్‌లోని సురక్షిత చిప్ నమోదు చేసి సంతకం చేయడం, మొదటి సందేశం అందిన తర్వాత, లెక్కించిన సమయాలని బట్టి మారే వ్యవధి దాకా సర్వర్ వేచి ఉండి, ఆలోపు అందిన సందేశాల్ని సరిచేసిన తాకిడి సమయం ప్రకారం వరసపెట్టడం." ఇక్కడ గుమస్తాని కూర్చోబెట్టండి చూద్దాం.

ఇందులో పార్కింగ్ లేదు, వేలం లేదు, ధర కూడా లేదు. కావాలనే తీసేశాను. ఒకటి, వ్యాపార పద్ధతి అన్న అభ్యంతరానికి ఊతం తగ్గుతుంది. రెండు, ఆన్‌లైన్ క్విజ్ నడిపేవాళ్ళూ, టికెట్లు అమ్మేవాళ్ళూ ఇదే ట్రిక్ వాడితే వాళ్ళు కూడా పరిధిలోకి వస్తారు. వేలం సంగతి కింది ఉపక్లెయిమ్‌లో ఒక ఉపయోగంగా పెట్టుకోవచ్చు. అయితే శీర్షిక మార్చి మభ్యపెట్టడానికి ఇది చిట్కా అనుకోకండి. కోర్టులూ, పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే కంట్రోలర్లూ సారం చూస్తారు. లోపల సరుకు లేకుండా పైన "వ్యవస్థ", "యంత్రం", "ప్రాసెసర్" అని ముద్రలు వేస్తే ఏమవుతుందో ఆలిస్ కేసులో తేలింది: పద్ధతి క్లెయిమ్‌లతోపాటు సిస్టమ్ క్లెయిమ్‌లూ ఒకే దెబ్బకి పోయాయి.

స్పెసిఫికేషన్‌లో మాత్రం పిసినారితనం వద్దు. ముందు ఏం జరిగేది, ఎందుకు చెడేది, మీ పద్ధతిలో ఏ సందేశం ఎప్పుడు ఎటు వెళ్తుంది, ఏ విలువ ఎక్కడ నిల్వ ఉంటుంది, వ్యవధి ఏ సూత్రంతో మారుతుంది, అన్నీ బొమ్మలతో సహా రాయండి. పరీక్షలు చేసి ఉంటే కొలతలు పెట్టండి. తర్వాత ఎగ్జామినర్ అడిగినప్పుడు ఫైలులో లేనిది కొత్తగా చేర్చడం కుదరదు. లాభాల గురించి రాసే పేరాలో "ఆదాయం పెరుగుతుంది", "కస్టమర్లు సంతోషిస్తారు" అనే మాటలు నాకు కనిపిస్తే కొట్టేస్తాను. ఎదుటివాళ్ళ చేతికి మనమే కత్తి ఇచ్చినట్టు. "వరస తప్పిన కేటాయింపులు తగ్గుతాయి", "సర్వర్‌కి మళ్ళీమళ్ళీ వచ్చే అభ్యర్థనలు తగ్గుతాయి" అని రాయండి, అది నిజమైతేనే.

అడుగు 6: ఫైలింగ్, ఆ తర్వాత వచ్చే అభ్యంతరాలు

మొదటి అప్లికేషన్ వేసిన తేదీ నుంచి 12 నెలల్లోపు ప్యారిస్ ఒప్పందం కింద మిగతా దేశాల్లో వేస్తే మొదటి తేదీయే లెక్కలోకి వస్తుంది. పీసీటీ (పలు దేశాలకి కలిపి ఒకే అప్లికేషన్ వేసే అంతర్జాతీయ ఒప్పందం) దారిలో వెళ్తే దేశాల వారీగా అడుగుపెట్టడానికి సాధారణంగా 30 లేదా 31 నెలల దాకా సమయం దొరుకుతుంది. భారత్, అమెరికాల్లో ప్రొవిజనల్ (తాత్కాలిక అప్లికేషన్) వేసి 12 నెలల్లో పూర్తి అప్లికేషన్ ఇచ్చే వీలుంది. ప్రొవిజనల్ అంటే రెండు పేజీల సారాంశం కాదు. అందులో లేనిదానికి ఆ తేదీ దక్కదు. భారతదేశంలో నివసించేవాళ్ళు ఒకటి మర్చిపోకూడదు: సెక్షన్ 39 ప్రకారం ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా బయట వేయడానికి ముందే అనుమతి తీసుకోవాలి.

తర్వాత అభ్యంతరాల లేఖ వస్తుంది. వ్యాపార వాసన ఉన్న ఏ అప్లికేషన్‌కైనా ఇది ఖాయం కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. భారత్‌లో మొదటి పరీక్షా నివేదికకి ఆరు నెలల్లో జవాబివ్వాలి, అడిగితే ఇంకో మూడు నెలలు దొరుకుతుంది. జవాబులో "ఇది వ్యాపార పద్ధతి కాదు" అని పదిసార్లు రాయడం వల్ల ఉపయోగం లేదు. క్లెయిమ్‌లోని ఒక్కో అంశం ఏ సాంకేతిక ఫలితానికి దారితీస్తుందో, అది స్పెసిఫికేషన్‌లో ఏ పేరాలో ఉందో పట్టిక గీసి చూపించండి. కంట్రోలర్ కాదంటే హైకోర్టుకి అప్పీలు ఉంది.

అమెరికాలో పేటెంట్ ఆఫీసు 2019 మార్గదర్శకాలు ఉత్త భావనల్ని మూడు గుంపులు చేశాయి: గణితం, మనసులో చేసే ఆలోచన, మనుషుల వ్యవహారాలని నడిపే కొన్ని పద్ధతులు. వ్యాపారానిది మూడోది. జవాబులో ఆసరాగా చాలామంది వాడే తీర్పు 2014 డిసెంబరు నాటి డీడీఆర్ హోల్డింగ్స్. సైటులో ప్రకటన నొక్కగానే కస్టమర్ వేరే సైటుకి ఎగిరిపోకుండా, మొదటి సైటు రూపురేఖలతోనే వస్తువు చూపించే వ్యవస్థ అది. ఇంటర్నెట్‌లోనే పుట్టిన సమస్యకి ఇంటర్నెట్‌లోనే వేళ్ళున్న పరిష్కారం అని కోర్టు నిలబెట్టింది. ఎగ్జామినర్ "ఇదంతా మామూలుగా అందరూ చేసేదే" అంటే, 2018 బెర్క్‌హైమర్ తీర్పు చూపించి ఆధారం అడగవచ్చు. అది మామూలో కాదో అన్నది వాస్తవాల మీద తేలాల్సిన ప్రశ్న అని ఆ తీర్పు చెప్పింది.

అడుగు 7: పేటెంట్ కాకపోతే ఏంటి?

కుడివైపు ఖాళీగా ఉన్నవాళ్ళకి చేతిలో ఉన్న అసలు ఆయుధం ట్రేడ్ సీక్రెట్. ధర నిర్ణయించే సూత్రం, సరఫరాదారుల్ని ఎంచుకునే లెక్క, మోసాన్ని పసిగట్టే హద్దులు, ఇవి సర్వర్ లోపలే ఉంటాయి, బయటివాళ్ళకి కనపడవు. అలాంటివాటికి 20 ఏళ్ళలో తీరిపోయే పేటెంట్ కన్నా గోప్యతే మేలంటాను. పైగా పోటీదారు తన సర్వర్‌లో మీ పద్ధతే వాడుతున్నారని మీరు ఎలా నిరూపిస్తారు? అయితే రహస్యం అని నోటితో అంటే చాలదు. ఎవరెవరికి యాక్సెస్ ఉంది, ఉద్యోగ ఒప్పందంలో ఏముంది, మానేసి వెళ్ళేటప్పుడు ఏం తీసుకున్నారు అన్న రికార్డు ఉండాలి. అమెరికా, యూరోపియన్ యూనియన్ 2016లో దీనికోసం ప్రత్యేకంగా చట్టాలు చేసుకున్నాయి. భారత్‌లో ఇప్పటిదాకా ఒప్పందాలూ, నమ్మకద్రోహం మీద కోర్టులు ఇచ్చిన తీర్పులే ఆధారం, కాబట్టి ఒప్పందం రాసే దగ్గర కక్కుర్తి పడకండి. ఇంకొకరు అదే విషయాన్ని సొంతంగా కనిపెడితే మాత్రం ట్రేడ్ సీక్రెట్ వాళ్ళని ఆపలేదు.

కాపీరైట్ మీద ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. కోడ్‌ని యథాతథంగా ఎత్తేస్తే పట్టుకుంటుంది, అదే పద్ధతిని వేరే కోడ్‌తో రాస్తే పట్టుకోదు. 1879లోనే అమెరికా సుప్రీంకోర్టు ఒక అకౌంటింగ్ పుస్తకం విషయంలో ఈ గీత గీసింది: పుస్తకానికి రక్షణ ఉంది గానీ అందులో నేర్పిన లెక్కలు రాసే పద్ధతికి లేదు. కస్టమర్ గుర్తుపట్టే పేరుకి ట్రేడ్‌మార్క్, తెర రూపానికి కొన్ని దేశాల్లో డిజైన్ రిజిస్ట్రేషన్ తీసుకోండి. 1-క్లిక్ అన్న పేరుని అమెజాన్ ట్రేడ్‌మార్క్‌గా కూడా నమోదు చేసుకుంది. పేటెంట్ 2017లో తీరిపోయింది, ట్రేడ్‌మార్క్‌కి మాత్రం రెన్యూ చేసుకుంటున్నంతకాలం ఆ బెడద లేదు.

పేటెంటూ రహస్యమూ రెండూ ఒకేసారి కుదరవు అనేవాళ్ళుంటారు. అది సగమే నిజం. పార్కింగ్ ఉదాహరణలో సందేశాల వరస సరిచేసే పద్ధతికి పేటెంట్ వేసి, ధర ఏ వేగంతో దిగాలన్న సూత్రాన్ని దాచుకోవచ్చు. ఒకటి కుడివైపుది, ఇంకోటి ఎడమవైపుది.

అప్లికేషన్ సాధారణంగా మొదటి తేదీ నుంచి 18 నెలలకి అచ్చవుతుంది. అచ్చయ్యాక రహస్యం ఉండదు, పేటెంట్ వచ్చినా రాకపోయినా. అందుకని ఫైల్ చేసిన రోజే క్యాలెండర్లో ఇంకో తేదీ గుర్తుపెట్టుకోండి. భారత్‌లో ఆ 18 నెలలకి మూడు నెలల ముందే, అంటే 15వ నెల దాటకముందే, వెనక్కి తీసుకున్న అప్లికేషన్ అచ్చు కాదు. ఆలోపు పీసీటీ శోధన నివేదిక గానీ, మీరు సొంతంగా చేయించిన వెతుకులాట గానీ "ఇది గట్టెక్కదు" అని చెప్పేస్తే, మారు మాట్లాడకుండా అన్ని చోట్లా ఉపసంహరించుకుని ఆ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేయండి.